ఇల్లు ఊరిది, జట్టు ఒకరిది: ఓక్లాండ్ కొలీజియం కథ

(అమెరికాలో, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో తెలుగు మిత్రుల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసి పెట్టాం. మాటల తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. పోయిన నెల ఇదే గదిలో పద్యం గురించి మాట్లాడుకున్నాం, ఈ నెల బేస్‌బాల్ ఏమిటని ఇద్దరు ముగ్గురు మిత్రులు ఫోను చేసి అడిగారు. ఆట తెలియకపోయినా ఫరవాలేదండీ. నేను చెప్పబోయేది మన పక్కనున్న ఓక్లాండ్ అనే ఊరి కథ. ఆ ఊరు కట్టుకున్న ఒక కట్టడం, అందులో 57 ఏళ్లు ఆడి వెళ్లిపోయిన అథ్లెటిక్స్ అనే బేస్‌బాల్ జట్టు, ఆ జట్టును చేతులు మార్చుకున్న యజమానులు. అంతే.

ముందు ఒక ప్రశ్న. మీలో ఎంతమంది మన బార్ట్ లోకల్ రైల్లో వెళ్తూ కొలీజియం స్టేషన్ దగ్గర కిటికీలోంచి ఆ పెద్ద కాంక్రీటు గిన్నెను చూశారు? చేతులెత్తండి. చూశారా, దాదాపు అందరూ. మరి ఎంతమంది లోపలికి వెళ్లి ఆట చూశారు? ఆ... పది పన్నెండు మంది. మిగిలినవాళ్లు ఇక చూడలేరు. అక్కడ ఆ జట్టు చివరి ఆట 2024 సెప్టెంబరు 26న అయిపోయింది.

2003 వేసవిలో మా నాన్నగారు తెనాలి నుంచి వచ్చారు. హైస్కూలు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. నాటకాలంటే ప్రాణం. ఒక శనివారం మధ్యాహ్నం ఆయనను కొలీజియానికి తీసుకెళ్లాను. ఈ ఆటకు ఉండే తొమ్మిది ఇన్నింగ్స్‌లో నాలుగోది వచ్చేదాకా ఏం జరుగుతోందో ఆయనకు అంతు చిక్కలేదు. కానీ కట్టడాన్ని మాత్రం కళ్లప్పగించి చూస్తూ కూర్చున్నారు. ఉన్నట్టుండి అడిగారు, "ఇదంతా ఎవరిదిరా?" అని. "ఊరిది నాన్నా. ఓక్లాండ్ నగరం, అలమీడా కౌంటీ కలిసి కట్టుకున్నాయి" అన్నాను. "మరి జట్టో?" "జట్టు ఇద్దరు వ్యాపారస్తులది." ఆయన కాసేపు ఏమీ అనలేదు. వేరుశనక్కాయ ఒకటి ఒలిచి నోట్లో వేసుకుని, "అయితే హాలు ఊరిది, నాటక సమాజం కాంట్రాక్టరుది. ఆయనకు మనసున్నన్నాళ్లే ఇక్కడ నాటకం" అన్నారు.

ఆట నియమాలు ఒక్కటీ తెలియని మనిషి, నాలుగు ఇన్నింగ్స్ చూసి, ఇరవై ఏళ్ల తరువాత జరగబోయేది చెప్పేశారు. నేను ఆ రోజు నవ్వి ఊరుకున్నాను. ఈ రోజు మీకు చెప్పబోయేదంతా ఆ ఒక్క మాటకు వివరణే అనుకోండి.

ఆ కట్టడం గురించి చెప్పాలి. 1966 సెప్టెంబరు 18న తెరిచారు. మైరన్ గోల్డ్‌స్మిత్ అనే వాస్తుశిల్పి గీసిన నమూనా. ఖర్చు సుమారు రెండున్నర కోట్ల డాలర్లు. మట్టి కట్ట పోసి, నేలను లోతుగా తవ్వి దించారు. ఆట జరిగే గడ్డి సముద్ర మట్టం కంటే దాదాపు 21 అడుగులు కింద ఉంటుందని చెబుతారు. బయటి నుంచి చూస్తే అంత ఎత్తు కనిపించదు. గేటు దాటి లోపలికి అడుగు పెట్టగానే మీరు కింద ఉండరు, గిన్నె నడిమి అంచు మీద ఉంటారు. కాళ్ల కింద నుంచి కుర్చీల వరసలు దిగిపోతుంటాయి, అడుగున పచ్చటి మైదానం. ఎదురుగా, ఆ రోజుల్లో, ఏ అడ్డూ లేకుండా ఓక్లాండ్ కొండలు. వేసవి సాయంత్రం ఆ కొండలు గోధుమ రంగులోంచి బంగారు రంగులోకి మారేవట. 'అట' అంటున్నాను, ఎందుకంటే నేను ఇక్కడికి వచ్చేసరికే ఆ కొండలు కనిపించకుండా పోయాయి. ఎలా పోయాయో తరువాత చెబుతాను.

నాకు ఈ ఆట నేర్పింది మా ఆఫీసులోని ఒక పెద్దాయన. వెస్ట్ ఓక్లాండ్‌లో పుట్టి పెరిగిన మనిషి. 1998లో నన్ను మొదటిసారి తీసుకెళ్లారు. స్టేషన్ దిగి, ఆ పొడుగాటి నడక వంతెన మీద వెళ్తుంటే రెండు పక్కలా టోపీలు, చొక్కాలు అమ్మేవాళ్లు, పెనం మీద ఉల్లిపాయలు వేగుతున్న వాసన. లోపల కూర్చోగానే ఒక అట్ట, ఒక పెన్సిలు నా చేతిలో పెట్టారు. స్కోరుకార్డు. ఆటగాళ్లకు, వాళ్లు నిలబడే చోట్లకు అంకెలు. బంతి షార్ట్‌స్టాప్ అనే ఫీల్డరు చేతిలోంచి రెండో బేస్‌కు, అక్కడి నుంచి మొదటి బేస్‌కు వెళ్లి ఇద్దరు అవుటైతే 6-4-3 అని రాయాలి. బ్యాటు ఊపి అవుటైతే ఇంగ్లీషు 'కె' అక్షరం. ఊపకుండా, మూడో స్ట్రైకును, అంటే కొట్టదగ్గ బంతిని, చూస్తూ నిలబడి అవుటైతే అదే అక్షరాన్ని తిరగేసి రాయాలి. ఎంత అందమైన లెక్క అండీ అది! మూడు గంటల ఆట ఒక అరచేతంత కాగితం మీద మిగులుతుంది. ఆ అట్టలు నా దగ్గర ఒక బూట్ల పెట్టె నిండా ఉన్నాయి.

సరే, యజమానుల దగ్గరికి వద్దాం.

అథ్లెటిక్స్ జట్టు, ఇక్కడివాళ్ల నోట 'ఏస్', ఓక్లాండ్‌లో పుట్టింది కాదు. 1901లో ఫిలడెల్ఫియాలో మొదలైంది. 1955లో కాన్సస్ సిటీకి వెళ్లింది. 1968లో చార్లీ ఫిన్లీ అనే యజమాని దాన్ని ఓక్లాండ్‌కు తెచ్చాడు. ఫిన్లీ జట్టు 1972, 73, 74 సంవత్సరాల్లో వరుసగా మూడుసార్లు వరల్డ్ సిరీస్, అంటే ఏటా జరిగే ఫైనల్ పోటీ, గెలిచింది. మూడుసార్లు, వరుసగా! ఆ తరువాత ఏమైంది? ఆటగాళ్లకు తమ జీతం తాము అడిగే హక్కు వచ్చింది. ఫిన్లీ వాళ్లకు ఇవ్వదలచుకోలేదు. ఒక్కొక్కరే వెళ్లిపోయారు. జట్టును అమ్మేసి డెన్వర్ పంపాలని చూశాడు. 1979 ఏప్రిల్ 17న కొలీజియంలో ఆట చూడడానికి వచ్చినవాళ్లు ఎంతమందో తెలుసా? 653. ఆరు వందల యాభై మూడు. యాభై వేల మంది పట్టే చోట. మన పెళ్లిళ్లకు ఇంతకంటే ఎక్కువ మంది వస్తారు. ఆ ఏడాది మొత్తం మీద మూడు లక్షల ఆరు వేల మంది చూశారు.

అప్పుడు పత్రికలు ఏమని రాసి ఉంటాయో ఊహించండి. ఈ ఊరికి బేస్‌బాల్ అక్కర్లేదు అనే మాట మీకు తరువాతి కాలంలో కూడా వినిపిస్తుంది. గుర్తు పెట్టుకోండి ఆ మాట.

1980లో ఫిన్లీ జట్టును వాల్టర్ హాస్‌కు అమ్మాడు. లీవై స్ట్రాస్ జీన్స్ కంపెనీ కుటుంబం. హాస్ ఏం చేశాడు? జట్టు ఊరితో కలిసి ఉండాలన్నాడు. ఆటగాళ్లను నిలబెట్టుకున్నాడు, కొత్తవాళ్లను తెచ్చాడు, పిల్లల్ని స్టేడియానికి రప్పించాడు. ఓక్లాండ్ వీధుల్లో పెరిగిన రికీ హెండర్సన్ ఈ గడ్డి మీదే పరుగెత్తాడు. 1982లో ఒక్క ఏడాదిలో 130 బేస్‌లు దొంగిలించాడు, అంటే బ్యాటు దెబ్బ సాయం లేకుండానే తరువాతి బేస్‌కు పరుగెత్తి చేరుకున్నాడు. అవునండీ, ఈ ఆటలో దొంగతనం న్యాయమే, పైగా లెక్క కూడా రాస్తారు! 1991 మే 1న 939వది దొంగిలించి పాత రికార్డు బద్దలుకొట్టి, మూడో బేస్ దిండును నేలలోంచి పీకి తలపైకి ఎత్తాడు. ఆ రోజు అక్కడున్న మా పెద్దాయన ఆ కథ చెప్పిన ప్రతిసారీ రెండు చేతులూ పైకెత్తేవారు, కాఫీ కప్పు చేతిలో ఉన్నా సరే.

1989లో జట్టు వరల్డ్ సిరీస్ గెలిచింది, నాలుగు ఆటలకు నాలుగూ, అఖాతం అవతలి శాన్‌ఫ్రాన్సిస్కో జయంట్స్ మీద. మూడో ఆటకు ముందు భూకంపం వచ్చిన ఏడాది అదే. మరుసటి ఏడాది, 1990లో, కొలీజియానికి వచ్చినవాళ్లు 29 లక్షలు.

ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకోండి. 1979లో మూడు లక్షలు. 1990లో 29 లక్షలు. ఊరు మారిందా? లేదు. కట్టడం మారిందా? లేదు, పదకొండేళ్లు పాతబడింది. రైలు స్టేషన్ మారిందా? జనం మారారా? ఏదీ మారలేదు. యజమాని మారాడు. ఒక్క యజమాని మారాడు.

నేను ఈ మాట మూడుసార్లు చెప్పినా మీరు విసుక్కోకండి. స్టేడియం పాతబడింది కాబట్టి జనం రాలేదు అని ఎవరైనా మీతో అంటే, ఈ రెండు అంకెలు చెప్పండి.

హాస్ 1995లో ఆరోగ్యం దెబ్బతిన్న దశలో జట్టును అమ్మాడు. ఎవరు ఎక్కువ ఇస్తే వాళ్లకు ఇవ్వలేదు. జట్టు ఓక్లాండ్‌లోనే ఉండాలని, బయట పలికే ధర కంటే తక్కువకు, ఎనిమిదిన్నర కోట్ల డాలర్లకు స్థానికులకు ఇచ్చాడు. ఆ సెప్టెంబరులోనే కన్నుమూశాడు. అలాంటి మనిషిని నేను పుస్తకాల్లో కాదు, ఈ ఊరి వీధుల్లో జనం నోట విన్నాను.

ఇప్పుడు ఆ కొండల సంగతి. రైడర్స్ అనే ఫుట్‌బాల్ జట్టు 1982లో లాస్ ఏంజెలెస్ వెళ్లిపోయింది. 1995లో తిరిగి వస్తానంది. వస్తే ఇంకా కుర్చీలు కావాలంది. నగరం, కౌంటీ కలిసి దాదాపు 20 కోట్ల డాలర్ల బాండ్లు జారీ చేసి మైదానానికి ఎదురుగా, సరిగ్గా కొండలు కనిపించే చోట, ఒక నిలువెత్తు కాంక్రీటు గోడ లాంటి గ్యాలరీ లేపాయి. ఆ పని జరుగుతుండగా 1996 సీజన్ మొదట్లో బేస్‌బాల్ జట్టు తన సొంత ఊరి ఆటలు ఎక్కడ ఆడిందో తెలుసా? లాస్ వేగస్‌లో. ఆ కొత్త గ్యాలరీ బేస్‌బాల్‌కు ఎంత అక్కరకు రాలేదంటే, తరువాత పై అంతస్తు మీద టార్పాలిన్ కప్పారు. రైడర్స్ 2020లో మళ్లీ వెళ్లిపోయింది. ఈసారి లాస్ వేగస్‌కు. దాని కోసం చేసిన అప్పు మాత్రం ఊరి నెత్తిన ఇంకా కొన్నేళ్లు ఉండిపోయింది. పన్ను కట్టేవాళ్లు కట్టారు. కొండలు ఇంకా ఆ గోడ వెనకే ఉన్నాయి.

2005లో జట్టు మళ్లీ చేతులు మారింది. లూ వుల్ఫ్, జాన్ ఫిషర్ అనే ఇద్దరు 18 కోట్ల డాలర్లకు కొన్నారు. ఫిషర్ తల్లిదండ్రులు గ్యాప్ బట్టల కంపెనీ స్థాపించినవాళ్లు. ఇక్కడి నుంచి కథ మన ఊరికి వస్తుంది. ఇక్కడున్న పాతకాపులకు గుర్తుండే ఉంటుంది, 2006 నవంబరులో మన ఫ్రీమాంట్‌లోనే, పసిఫిక్ కామన్స్ దగ్గర, కొత్త స్టేడియం కడతామన్నారు. పేరు కూడా పెట్టేశారు, సిస్కో ఫీల్డ్ అని. అప్పట్లో మన తెలుగువాళ్ల ఇళ్లలో కూడా దాని గురించే మాట్లాడుకున్నాం. ట్రాఫిక్ ఏమవుతుంది, ఇళ్ల ధరలు ఏమవుతాయి అని. చుట్టుపక్కల దుకాణాలు ఒప్పుకోలేదు, తరువాత వార్మ్ స్ప్రింగ్స్ వైపు చూస్తే అక్కడి నివాసులు ఒప్పుకోలేదు. 2009 ఫిబ్రవరిలో వదిలేశారు.

తరువాత శాన్ హోసే అన్నారు. అక్కడ ఇంకో చిక్కు. ఆ జిల్లాలో జట్టు పెట్టుకునే హక్కు జయంట్స్‌ది. ఆ హక్కు జయంట్స్‌కు ఎలా వచ్చింది? ఒకప్పుడు వాళ్లు దక్షిణానికి మారాలనుకుంటే, మన హాస్ ఒక్క డాలరు అడగకుండా సరేనన్నాడు. జయంట్స్ అక్కడికి వెళ్లనే లేదు. హక్కు మాత్రం అట్టేపెట్టుకున్నారు. మంచితనంతో ఇచ్చిన మాట ఇరవై ఏళ్ల తరువాత సొంత జట్టుకే గోడ అయి నిలబడింది. శాన్ హోసే నగరం 2013లో కోర్టుకెక్కింది. 2015లో సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికి నిరాకరించింది. అంతకుముందు కింది కోర్టులు నగరం వాదనను తోసిపుచ్చిన కారణం తెలిస్తే ఆశ్చర్యపోతారు. 1922లో ఇచ్చిన ఒక తీర్పు. బేస్‌బాల్‌కు గుత్తాధిపత్య నిరోధక చట్టం వర్తించదని ఆనాడు సుప్రీంకోర్టు తేల్చింది. మిగతా ఏ ఆటకూ ఆ మినహాయింపు లేదు. అంటే 30 మంది యజమానులు కూర్చుని ఏ ఊళ్లో జట్టు ఉండాలో, ఏ ఊళ్లో ఉండకూడదో తేల్చుకుంటారు. ఊరికి అందులో ఓటు లేదు.

చూడండి, మా నాన్నగారు అన్న కాంట్రాక్టరు ఒక్కడు కాదన్నమాట. ముప్ఫై మంది కాంట్రాక్టర్ల సంఘం.

2016 నుంచి ఫిషర్ ఒక్కరే ముందుకు వచ్చారు. 'ఓక్లాండ్‌లో పాతుకున్నాం' అనే నినాదం పెట్టారు. లేనీ కాలేజీ పక్కన స్థలం అన్నారు, 2017 డిసెంబరులో కాలేజీవాళ్లు కాదన్నారు. తరువాత ఓడరేవులో హోవర్డ్ టెర్మినల్ అన్నారు. స్టేడియం ఒక్కటే కాదు, వేల ఇళ్లు, ఆఫీసులు, హోటళ్లు, మొత్తం 1,200 కోట్ల డాలర్ల పథకం. నగరం ఏళ్ల తరబడి దాని మీద పని చేసింది. 2021 జులైలో కౌన్సిల్ ఓటు కూడా వేసింది. 2023 ఏప్రిల్‌లో ఒక రాత్రి వార్త వచ్చింది, లాస్ వేగస్‌లో స్థలం చూసుకున్నామని.

ఈ మధ్యకాలంలో కొలీజియం ఎలా ఉంది? ఇక్కడ కాస్త ఆగుతాను. మైదానం సముద్ర మట్టం కంటే కింద ఉందన్నాను కదా. ఆటగాళ్ల గదులు కూడా కిందే. నీళ్లు తమంతట తాము బయటికి పోవు, పంపులు తోడాలి. పైపులు యాభై ఏళ్లవి. 2013 జూన్‌లో ఒక ఆదివారం ఆట అయ్యాక మురుగు ఎదురు తన్ని రెండు జట్ల గదుల్లోకీ వచ్చింది. ఆటగాళ్లు పై అంతస్తులో ఫుట్‌బాల్ జట్టు గదిలో స్నానాలు చేశారు. దేశమంతా పతాక శీర్షిక. 2023లో ఎదుటి జట్ల టీవీ వ్యాఖ్యాతల గదిలో ఒపోసమ్ అనే అడవి జంతువు చేరింది. దీపాలు సరిగా వెలిగేవి కావు.

పాతదైతే అంతే కదా అంటారా? కాదు. 2019లో ఇదే కట్టడంలో ఒక్క ప్లేఆఫ్ ఆటకు 54,005 మంది వచ్చారు. అవే పైపులు, అవే కుర్చీలు, అదే టార్పాలిన్... ఆ రోజు అది కూడా తీసేశారు. అంటే జట్టు బాగుంటే జనం మురుగును కూడా క్షమిస్తారు. తరువాత ఏమైంది? పేరున్న ఆటగాళ్లను వేరే జట్లకు ఇచ్చేశారు. మ్యాట్ ఓల్సన్‌ను ఇచ్చేశారు. మ్యాట్ చాప్‌మన్‌ను ఇచ్చేశారు. షాన్ మర్ఫీని ఇచ్చేశారు. అదే సమయంలో సీజన్ టికెట్ల ధరలు పెంచారు. 2022లో వచ్చినవాళ్లు ఏడు లక్షల 87 వేలు. 2023లో జట్టు 50 గెలిచి 112 ఓడింది. అప్పుడు అన్నారు చూడండి, గుర్తుపెట్టుకోమన్నానే, అదే మాట: ఈ ఊరికి బేస్‌బాల్ అక్కర్లేదు.

ఎవరైనా సొంత వ్యాపారాన్ని అలా చెడగొట్టుకుంటారా అని మీకు అనిపించవచ్చు. బేస్‌బాల్ లీగులో పెద్ద ఊళ్ల జట్లు తమ ఆదాయంలో కొంత పంచుతాయి. టీవీ డబ్బు అందరికీ వస్తుంది. అన్నిటికీ మించి, జట్టు ధర ఏటా పెరుగుతూనే ఉంటుంది. కాబట్టి కుర్చీలు ఖాళీగా ఉన్నా యజమాని నష్టపోనక్కర్లేదు. నష్టపోయేది ఎవరు? వంతెన మీద ఉల్లిపాయలు వేయించేవాళ్లు. టికెట్లు చింపేవాళ్లు, బీరు మోసేవాళ్లు, తరాల తరబడి అదే గేటు దగ్గర పనిచేసినవాళ్లు.

2023 జూన్ 13 గురించి చెప్పకుండా ఉండలేను. ఆటకు వెళ్లకుండా నిరసన తెలపడం అందరూ చేసేదే. ఓక్లాండ్ అభిమానులు దాన్ని తిరగేశారు. అందరం వెళదాం, కుర్చీలు నింపుదాం, తప్పు ఊరిది కాదని చూపిద్దాం అన్నారు. మంగళవారం రాత్రి. సీజన్‌లో అట్టడుగున ఉన్న జట్టు. 27,759 మంది వచ్చారు. పచ్చటి చొక్కాలు, వాటి మీద ఒకే ఒక్క మాట, అమ్మెయ్యండి అని. నేనూ మా అమ్మాయీ వెళ్లాం. కుడి వైపు గ్యాలరీలో ఎప్పటిలాగే డోళ్లు. అయిదో ఇన్నింగ్స్ మొదలవగానే డోళ్లు ఆగిపోయాయి. మొత్తం స్టేడియం లేచి నిలబడింది. ఒక్క మాట లేదు. అంత మంది మౌనంగా ఉంటే ఎలా ఉంటుందో తెలుసా? దూరంగా ఫ్రీవే మీద లారీ పోతున్న చప్పుడు వినిపించినట్టు అనిపించింది నాకు. ఒక బ్యాటరు ఆట ముగిసేదాకా అలా నిలబడి, తరువాత ఒక్కసారిగా, "జట్టును అమ్మెయ్యి" అని కేక. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. ఇరవై ఏళ్ల పిల్ల, చిన్నప్పటిలా పట్టుకుంది. ఆ రోజు లీగులో అందరికంటే ముందున్న టాంపా బే జట్టును 2-1తో గెలిచాం. వరుసగా ఏడో గెలుపు.

అదే రోజు నెవాడా సెనేట్ లాస్ వేగస్ స్టేడియానికి 38 కోట్ల డాలర్ల వరకు ప్రజాధనం ఇచ్చే బిల్లును ఆమోదించింది. నవంబరు 16న యజమానులు ఓటు వేశారు. 30కి 30. ఊరు మారినందుకు కట్టాల్సిన రుసుము కూడా మాఫీ చేశారు. ముప్ఫై మందిలో ఒక్కరికైనా, ఒక్కరికైనా, ఆగండి అనాలనిపించలేదు.

చివరి ఆటకు 46,889 మంది వచ్చారు. ఆటకు ముందు లాంఛనంగా మొదటి బంతి వేసినవాళ్లలో రికీ హెండర్సన్ ఉన్నాడు. మైదానానికి ఆయన పేరే. టెక్సస్ మీద 3-2తో గెలిచాం. ఆట అయ్యాక ఎవరూ కదల్లేదు. కొందరు చిన్న డబ్బాల్లో మైదానం మట్టి పట్టుకెళ్లారు. మూడు నెలలు తిరగకుండా, డిసెంబరు 20న, రికీ వెళ్లిపోయాడు. నాకు ఇక్కడ మాట రావడం లేదు, క్షమించండి.

వయసు సంగతి కూడా తేల్చుకుందాం. లాస్ ఏంజెలెస్‌లో డాడ్జర్ స్టేడియం 1962లో కట్టింది. మన కొలీజియం కంటే నాలుగేళ్లు పెద్దది. 2025లో అక్కడికి 40 లక్షల మంది పైగా వచ్చారు. బోస్టన్‌లో ఫెన్‌వే పార్కు 1912ది. టైటానిక్ మునిగిన ఏడాది. 1999లో అప్పటి యజమానులు దాన్ని వదిలి కొత్తది కడతామన్నారు. ఇక బాగుచెయ్యడం కుదరదన్నారు. 2002లో కొత్త యజమానులు వచ్చారు. కుదురుతుందో లేదో చూద్దామన్నారు. ఏటా శీతాకాలంలో కొంత కొంత, పదేళ్లపాటు బాగుచేశారు. ఎడమ వైపు ఎత్తు గోడ మీద కుర్చీలు వేశారు. ఇప్పుడు దాన్ని చూడడానికే జనం వేరే దేశాల నుంచి వస్తారు. కాబట్టి పాతబడడం వేరు, పాడుబెట్టడం వేరు. మన ఊళ్లలో తాతల నాటి మండువా ఇళ్లు చూడలేదా? ఏటా పెంకులు సర్ది, సున్నం కొట్టుకుంటే వందేళ్లు నిలుస్తాయి. తాళం వేసి పోతే నాలుగు వానలకు దూలం పుచ్చుతుంది.

మనకు ఇది కొత్త అనుభవం కాదు. 2009లో ఐపీఎల్ గెలిచిన డెక్కన్ ఛార్జర్స్ గుర్తుందా? హైదరాబాద్ జట్టు. యజమాని సంస్థ ఆర్థికంగా చితికిపోతే 2012లో జట్టే లేకుండా పోయింది. తరువాత వేరే యజమాని, వేరే పేరు, వేరే రంగు. ఉప్పల్ స్టేడియం అక్కడే ఉంది కాబట్టి మనం సర్దుకున్నాం. ఓక్లాండ్‌కు ఆ సర్దుబాటు కూడా దక్కలేదు.

ఊరే యజమాని కావచ్చు కదా అని ఒక మిత్రుడు నన్ను అడిగాడు. మంచి ప్రశ్న. విస్కాన్సిన్‌లో గ్రీన్ బే అనే చిన్న ఊరి ఫుట్‌బాల్ జట్టు 1923 నుంచి ప్రజల వాటాలతోనే నడుస్తోంది. లాభం పంచరు, జట్టు ఎక్కడికీ కదలదు. కానీ ఆ లీగు మరో జట్టుకు ఆ పద్ధతి ఒప్పుకోదు. బేస్‌బాల్‌లో ఇంకా విచిత్రం. శాన్ డియెగో పాడ్రెస్ యజమాని జోన్ క్రాక్ జట్టును ఊరికి దానంగా ఇచ్చేస్తానన్నారు. ఉచితంగా! నడపడానికి డబ్బు కూడా ఇస్తానన్నారు. మిగతా యజమానులు ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకుంటారు? ఊరు యజమాని అయితే ఊరు మారతాం అని బెదిరించేది ఎవరిని?

ఇక ముందు సంగతి. జట్టు ఇప్పుడు శాక్రమెంటో అవతల, పద్నాలుగు వేల మంది పట్టే చిన్న లీగు మైదానంలో ఆడుతోంది. పేరుకు ముందు ఏ ఊరి పేరూ పెట్టుకోలేదు. లాస్ వేగస్‌లో పాత ట్రాపికానా హోటల్‌ను 2024 అక్టోబరులో కూల్చేసి, ఆ చోట తొమ్మిది ఎకరాల్లో కొత్త స్టేడియం పని 2025 జూన్‌లో మొదలుపెట్టారు. 2028కి తెరుస్తామంటున్నారు.

కొలీజియం? మీకు తెలియని విషయం ఒకటి చెబుతాను. ఆ స్థలంలో సగం వాటా వెళ్లిపోయిన జట్టు కొనుక్కున్నదే. 2019లో కౌంటీ తన సగాన్ని ఎనిమిదిన్నర కోట్ల డాలర్లకు జట్టుకు అమ్మింది. జట్టు నిలబడుతుందన్న ఆశతో అమ్మింది. 2024లో ఓక్లాండ్ నల్లజాతి వ్యాపారుల బృందం ఒకటి నగరం వాటాను, జట్టు వాటాను కూడా కొనడానికి ఒప్పందాలు చేసుకుంది. ఇళ్లు, పని దొరికే చోట్లు, ఆటస్థలాలు అన్నారు. అక్కడి నుంచి గడువు మీద గడువు పొడిగిస్తూ వచ్చారు. కొలీజియం చుట్టూ ఉన్న ఈస్ట్ ఓక్లాండ్ పేదవాళ్ల పేట. అరవై ఏళ్లలో ఆ పార్కింగ్ స్థలం వాళ్లకు ఏమిచ్చింది? ఆట రోజున నాలుగు కూలి పనులు. బార్ట్ స్టేషన్ పక్కన, ఫ్రీవే పక్కన, విమానాశ్రయానికి దగ్గరగా, వంద ఎకరాల పైన స్థలం. నా అభిప్రాయం అడిగితే, ముందు ఆ పేటవాళ్లకు ఇళ్లు రావాలి. ఈసారి ఒప్పందంలో స్థలం ఎవరిదో, ఎన్నాళ్లదో, మధ్యలో వదిలేసి పోతే ఏమవుతుందో అక్షరం అక్షరం రాసుకోవాలి. కట్టడం పూర్తిగా కూల్చాలా వద్దా అంటే, ఆ గిన్నెలో కొంతభాగమైనా, ఆ గడ్డి ముక్కయినా పిల్లలు ఆడుకోవడానికి ఉంచమని నేను నగరానికి రాశాను. మీరూ రాయండి. 2025లో ఓక్లాండ్ రూట్స్ సాకర్ జట్టు అక్కడ ఆడితే మొదటి ఆటకే పాతిక వేల మంది దాటారు. కాబట్టి ఆ ఊరికి ఆటలు అక్కర్లేదని ఇంకోసారి ఎవరూ అనకండి.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. వెస్ట్ ఓక్లాండ్‌లో రైమాండీ పార్కు అని ఒక పాత మైదానం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన ఎర్నీ రైమాండీ అనే స్థానిక ఆటగాడి పేరు. జట్టు వెళ్లిపోతుందని తెలిశాక ఇద్దరు ఊరివాళ్లు ఓక్లాండ్ బాలర్స్ అనే చిన్న జట్టు పెట్టి, ఆ పార్కును బాగుచేసి, 2024లో ఆడడం మొదలుపెట్టారు. రెండు వేల మంది పైగా అభిమానులు అందులో చిన్న చిన్న వాటాలు కొన్నారు. కుడి వైపు గ్యాలరీ డోళ్లు ఇప్పుడు అక్కడ మోగుతున్నాయి. 2025 సెప్టెంబరులో ఆ జట్టు తన లీగు టైటిల్ గెలిచింది. 1989 తరువాత ఓక్లాండ్ బేస్‌బాల్‌కు వచ్చిన మొదటి టైటిల్ అది. నాకూ ఒక చిన్న వాటా ఉంది. నాన్నగారు ఉండి ఉంటే, ఇదెవరిదిరా అని అడిగితే, కొంత నాది కూడా నాన్నా అని చెప్పేవాణ్ణి.

సీజన్ మే నెలలో మొదలవుతుంది. రావాలనుకునేవాళ్లు బయట బల్ల మీదున్న కాగితంలో పేరు రాయండి. వెస్ట్ ఓక్లాండ్ స్టేషన్‌లో దిగి కాస్త దూరం నడవాలి. స్కోరుకార్డులు, పెన్సిళ్లు నేను తెస్తాను. నమస్కారం.